లేదు, కనబడలేదు

ఆదోనిలో నేను పనిచేసిన, నూనెలు పరీక్షించే చిన్న ల్యాబ్‌లో మా సార్ రాసిన ఒక మాటను ఇప్పటికీ క్షమించలేదు. ఆ మాట "లేదు".

డెబ్బైల చివర్లో, ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటి కోడలైన మా అక్కకు కాళ్లకు నీరు పట్టింది. తర్వాత ఆయాసం. అందరికీ ఉగ్గాని, బజ్జీలు పెట్టి, తను మూకుట్లో మిగిలిన నూనెతో అన్నం కలుపుకుని తినేది. ఆ నూనే ఆమెను పొట్టన పెట్టుకుంది. అది ఆదోనిలోని ఒక దుకాణంలో కొన్నది. వేరుశనగ నూనెలో బ్రహ్మదండి అనే ముళ్ల కలుపుమొక్క గింజల విషపు నూనె కలుపుతున్నారని ఊళ్లో అనుకున్నారు.

దుకాణదారు తనే ఒక సీసా తెచ్చి మా సార్‌కు ఇచ్చాడు. సార్ అందులో యాసిడ్ పోసి కుదిపాడు. బ్రహ్మదండి ఉంటే రావాల్సిన ఎర్రరంగు రాలేదు. "బ్రహ్మదండి లేదు" అని రాసి సంతకం పెట్టాడు.

"కనపల్లేదని రాయల్ల గదా సార్" అన్నాను.

"రెండూ ఒకటేలేమ్మా."

ఒకటి కాదు. ఏ పరీక్షకైనా కొంతవరకే చూపు ఆనుతుంది. అంతకంటే తక్కువ కలిపితే యాసిడ్‌కు తెలియదు, రోజూ తినే ఒంటికి తెలుస్తుంది. దుకాణదారు ఆ కాగితానికి ఫ్రేము కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాడు. అటు పోయినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

అక్క వంటింటి సీసా తీసుకుని నేను చదివిన కాలేజీకి పోయాను. తొందరలో నూనెను అట్లాగే అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టాను. బ్రహ్మదండి మెరిసినట్టే పచ్చగా మెరిసింది. ఆ సంగతి దుకాణదారు మొహం మీదే చెప్పి వచ్చాను. మర్నాడు అతను మా సార్‌ను అడిగి అంతా తెలుసుకుని నా దగ్గరికి వచ్చినాడు.

"మీ ఆడోళ్లు పసుపు చేతుల్తో సీసా ముట్టుకుంటారు గదమ్మా. పసుపు గూడా ఆ దీపం కింద మెరుస్తాదంట. నన్నేం జేయమంటావు?"

నిజమే. సీసా మూతికి అక్క వేళ్ల పసుపు అట్లాగే ఉంది. నా చెంపల మీదా ఉంది. ఆ రోజు నుంచి పసుపు రాసుకోవడం మానేశాను. అమ్మ తిట్టింది, తిట్టనీ అనుకున్నాను.

ఈసారి ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వెంట దుకాణానికి పోయాను. సీలు తీయని డబ్బాను దుకాణదారు చేతనే తెరిపించి నమూనా పట్టించాము. కళ్లముందు గానుగ ఆడించిన నూనె కూడా తెచ్చుకున్నాను. మళ్లీ కాలేజీలో, తెల్లపొడి పూసిన గాజుపలక మీద పసుపు, గానుగ నూనె, దుకాణం నూనె పక్కపక్కన చుక్కలు పెట్టి ద్రావకంలో నిలబెట్టాను. ద్రావకం పైకి పాకుతూ ఒక్కోదాన్ని ఒక్కో ఎత్తుకు మోసుకుపోతుంది. దీపం కింద చూస్తే పసుపు ఒకచోట ఆగి ఉంది. గానుగ నూనెలో ఏమీ మెరవలేదు. దుకాణం నూనెలో పసుపుకు దూరంగా ఇంకోచోట బంగారు రంగు చుక్క. దాన్ని గీకి, కరిగించి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెడితే కాగితం మీద అచ్చం బ్రహ్మదండికి పడే గీతే వచ్చింది. కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, పండగలా ఉండింది నాకు.

దుకాణానికి తాళం పడ్డాక అతను ల్యాబ్‌కు వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"ఎంతుందమ్మా అందులో? శానా తక్కువే గదా?"

"మా అక్కకు సరిపోయినంత" అన్నాను.