మందుమొక్కల మడిలో కలుపు తీసిన వారం

1958 జూన్‌లో నన్ను వికారాబాద్ కొండవాలులో ప్రభుత్వం కొత్తగా వేసిన వృక్షోద్యానానికి సూపరింటెండెంటుగా పంపారు. అక్కడ నా మొదటి వర్షాకాలంలో జరిగిన సంగతి ఇది. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. ఆ వారం మాత్రం నాకు అన్నం సహించలేదు.

వృక్షోద్యానం అంటే పార్కు అనుకుంటారు చాలామంది. పార్కులో మొక్క అందంగా ఉంటే చాలు. మా దగ్గర ప్రతి మొక్కకూ ఒక నంబరుండాలి. ఏ ఊరి నుంచి తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు, సేకరించిన వారెవరు అన్నీ రిజిస్టరులో రాయాలి. మొక్క చచ్చిపోతే ఆ వరుసను ఎర్రసిరాతో కొట్టేసి పక్కన కారణం రాయాలి. ఆ నంబరు ఇంకే మొక్కకూ ఇవ్వకూడదు. తోటలో అందరికంటే పైన సూపరింటెండెంటు, కింద హెడ్ మాలి, ఆ కింద మాలీలు, అందరికన్నా కింద రోజు కూలికి వచ్చే ఆడవాళ్ళు. ఆర్డరు పైనుంచి మెట్టుమెట్టుగా దిగేది. కిందినుంచి పైకి మాట రావడానికి మాత్రం మెట్లు కట్టలేదు.

ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకోవడం మంచిది. నేను నవాబుపేట దగ్గర భూములున్న కుటుంబంలో పుట్టాను. మా ఇంట్లో కలుపు తీయించినవాళ్ళే గాని తీసినవాళ్ళు లేరు. వృక్షశాస్త్రంలో పట్టా ఉంది కదా అని నాకు కాస్త మిడిసిపాటు కూడా ఉండేది.

తోట అప్పటికింకా తాత్కాలికమే. ఆగస్టులో డిప్యూటీ డైరెక్టరు తనిఖీకి వస్తున్నారని, ముఖ్యంగా ఔషధ విభాగం చూస్తారని హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ విభాగం బాగుంటే తోట నిలుస్తుంది. లేకపోతే మామిడి అంట్ల నర్సరీగా మార్చేస్తారు. అప్పుడు కూలీల పనీ, మాలీల పనీ పోతాయి. నేను మళ్ళీ హైదరాబాదు ఆఫీసులో ఫైళ్ళు మోసుకోవాలి.

ఔషధ విభాగంలో నా ముందు పనిచేసినాయన రెండేళ్ళు తిరిగి సేకరించిన నలభై రకాలున్నాయి. ఉత్తరేణి, నేల ఉసిరి, గుంటగలగర, తుమ్మి, పల్లేరు, గల్జేరు, ఇట్లాంటివి. వాటికి పేరుపలకలు లేవు. తాండూరు నాపరాతి మీద శాస్త్రీయనామం, తెలుగు పేరు, ఉర్దూ పేరు చెక్కిద్దామనుకున్నాను. అక్షరం తప్పు పోకూడదని స్వయంగా తాండూరు బయల్దేరాను. పోతూ పోతూ హెడ్ మాలి పేర ఒక ఆర్డరు రాశాను: "ఔషధ విభాగమునందలి కలుపును సంపూర్ణముగా తీసివేయించవలెను."

హెడ్ మాలి హుస్సేన్ మియా నిజాం కాలం నుంచి గులాబీలు పెంచినవాడు. ఆయన దృష్టిలో గులాబీ కానిదంతా గడ్డే. నా ఆర్డరును ఎవరితోనో చదివించుకుని, కూలీల పెద్ద మరియమ్మను పిలిచి, ఆ మడి అద్దంలా చేయమన్నాడట.

తాండూరులో మూడు రోజులు రాళ్ళ దుమ్ములో కూర్చున్నాను. చెక్కే ఆయనకు కన్నడం తప్ప మరో భాష సరిగ్గా రాదు. అయినా ఒక్క అక్షరం తప్పిపోనివ్వలేదు. శనివారం మధ్యాహ్నం బండి మీద నలభై పలకలతో తోటకు చేరాను. నా అంత ఘనుడు లేడన్నట్టుంది నా నడక.

మడి దగ్గరికి వెళ్ళాను. మడి బోడిగా ఉంది. దువ్వెనతో దువ్వినట్టున్న ఎర్రమట్టి, గట్టు మీద పద్నాలుగు మంది ఆడవాళ్ళు, వాళ్ళలో అందరికన్నా ముందు కొంగు నడుముకు చెక్కుకుని మరియమ్మ.

"జర చూడుండ్రి సారూ, ఒక్క పోచ ఉంచలే," అంది.

నా నోరు ఆగలేదు. హుస్సేన్ మియాను తిట్టాను, కూలీలను తిట్టాను, వానను కూడా తిట్టాననుకుంటాను. మరియమ్మ అంతా విని, నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నింపాదిగా చెప్పింది.

"గివి మందుమొక్కలని మాకెవరు చెప్పిండ్రు సారూ? మా చెల్కల మొలిస్తే పీకుతం. ఈడ మొలిచినా పీకినం. మీరు కాయితం రాసి తాండూరు పోయిండ్రు. కాయితం మాకు రాదు."

పీకినవాటిని ఏం చేశారని అడిగాను. చాలామటుకు మేకలకు వేశారట. గల్జేరు ఆకు లేతగా ఉందని పప్పులో వేసుకున్నారట. తుమ్మి కూర వండుకున్నారట. మస్తు రుచిగా ఉందని వెనకనుంచి ఒకామె చెప్పింది. ప్రభుత్వం రెండేళ్ళు పెంచిన సంపద పద్నాలుగు ఇళ్ళ పొయ్యిల మీద ఉడికిపోయింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

తనిఖీ శుక్రవారం. తోట పోవచ్చన్న విషయం తెలిసేసరికి ఆడవాళ్ళ ముఖాలు చిన్నబోయాయి. మరియమ్మ మాత్రం ఏ రకాలు కావాలో పేర్లు చదవమంది. నేను పలకలు చూసి చదువుతుంటే ఆమె ఒక్కొక్క పేరుకూ ఒక ఊరు చెప్పింది. ఇది యాలాల్ కందిచేన్లలో ఉంటుంది, అది కోట్‌పల్లి వాగు పక్కన, ఇది నవాబుపేట చెలకల్లో. పద్నాలుగు మందీ పద్నాలుగు చోట్ల నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. "రెండొద్దులు టైమియ్యుండ్రి సారూ, ఎవరి తల్లిగారూరికి వాళ్ళు పోయి తెస్తరు. గీ తాప కాయితం వద్దు," అంది.

కాయితం లేకుండా నాకు కుదరదు. సర్కారు నౌకరీ కదా. పద్నాలుగు మందినీ సేకరణ బృందంగా నియమిస్తూ ఆర్డరు రాశాను. సర్కారు పని మీద తల్లిగారింటికి పోవడం అంతకు ముందు ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. ఆదివారం పొద్దున వాళ్ళు బయల్దేరిన తీరు చూడాలి, పెళ్ళికి పోతున్నట్టే. ఇద్దరు పూలు కూడా పెట్టుకున్నారు.

సోమవారం సాయంత్రానికి గంపలు రావడం మొదలైంది. వేరు తెగకుండా తవ్వి, మట్టిముద్దతో సహా తడి గోనెలో చుట్టి తెచ్చారు. నల్లరేగడిలో పెరిగే వాటికి ఆ రేగడి మట్టి కూడా మోసుకొచ్చారు. పాత మొక్కలు మా ఎర్రమట్టిలో ఎందుకు గిడసబారాయో నాకప్పుడు తెలిసింది. మంగళవారం పొద్దువాలాక నాటి, మోదుగాకులు నీడగా కప్పారు. నలభైకి నలభై వచ్చాయి. పైగా నా జాబితాలో లేనివి తొమ్మిది తెచ్చి, ఇవి ఎందుకు మరిచిపోయారని నన్నే అడిగారు.

ఇక రిజిస్టరు. పాత నంబర్లే ఉంచేద్దాం, ఎవరికి తెలుస్తుందని హుస్సేన్ మియా సలహా ఇచ్చాడు. ఆయనది మంచి మనసే. నాకూ ఆ సలహా చాలా తియ్యగా వినిపించింది. పీకేసినట్టు రాస్తే తోట పోవచ్చు. రాయకపోతే ఎవరికీ తెలియదు. ఒక రాత్రంతా దాని మీదే దొర్లి, తెల్లారి ఎర్రసిరా సీసా తీశాను. నలభై వరుసలూ కొట్టేశాను. కారణం దగ్గర ఉన్నదున్నట్టు రాశాను: "కలుపుగా భావించి తీసివేయబడినవి. మేకలు తిన్నవి." గల్జేరు, తుమ్మి దగ్గర, "కూరగా వండబడినవి." కింద కొత్త నంబర్లు వేసి, సేకరించిన వారి గడిలో పద్నాలుగు మంది పేర్లూ, ఊర్లూ రాశాను.

శుక్రవారం డిప్యూటీ డైరెక్టరు వచ్చారు. చిన్నగా నవ్వడానికి కూడా లెక్క చూసుకునే మనిషి. మడి చూశారు, పలకలు చూశారు, తల ఊపారు. తర్వాత రిజిస్టరు తెమ్మన్నారు. ఆయన వేలు ఎర్రసిరా మీద ఆగింది. చదివారు. మళ్ళీ చదివారు.

"కూరగా వండబడినవి?" అన్నారు.

అవునండీ అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

ఆయన కళ్ళద్దాలు తీసి నవ్వడం మొదలుపెట్టారు. కుర్చీ చేతులు పట్టుకుని నవ్వారు. కొంత తేరుకున్నాక, "ఇది రాసినవాడు మిగతాది అబద్ధం రాయడు. తోట ఉంటుంది," అన్నారు. తర్వాత సేకరించిన వారి గడి చూపించి వీళ్ళెవరని అడిగారు.

గట్టు మీద నిలబడ్డ మరియమ్మను పిలిచాను. ఆయన ఒక్కొక్క మొక్క చూపిస్తుంటే ఆమె అది ఏ పంటలో మొలుస్తుందో, ఏ నెలలో పూస్తుందో, పసరు దేనికి రాస్తారో చెప్పుకుపోయింది. ఆయన రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. చివరికి ఆమె రిజిస్టరు వైపు చూసి, "అండ్ల నా పేరుందా సారూ?" అని నన్నడిగింది. వేలు పెట్టి చూపించాను. పక్కన ఉన్నదేమిటంది. యాలాల్, మీ తల్లిగారి ఊరు అన్నాను. ఆమె మిగతా పదమూడు మందినీ కేకేసి పిలిచింది. ఎవరి పేరు ఎక్కడుందో నేను అందరికీ చూపించేదాకా డిప్యూటీ డైరెక్టరు జీపు ఆగి ఉంది. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత సంతోషంగా గడిచిన తనిఖీ మరొకటి లేదు.

ఔషధ విభాగం ఎవరికి అప్పగించాలని పైనుంచి అడిగినప్పుడు మరియమ్మ పేరు చెప్పాను. వరుస ప్రకారం అది హెడ్ మాలికి రావాలి. హుస్సేన్ మియా, తనకు గులాబీలు చాలని, ఆమెకే ఇమ్మని చెప్పాడు. రోజు కూలీని మాలిగా వేయడానికి ఏడాదికి పైగా ఉత్తరాలు నడిచాయి గాని, చివరకు ఆమెకు ఆ పోస్టు వచ్చింది. అప్పటిదాకా ఆ తోటలో ఆడమనిషి మాలి లేదు.

ఆ తర్వాత మరో రెండు తోటలకు పెద్దగా పనిచేశాను. కలుపు తీయమని మరెక్కడా కాగితం రాయలేదు. పీకేవాళ్ళతో మడిలో గొంతుక్కూర్చుని, ఏది ఉండాలో ఏది పోవాలో వాళ్ళనడిగి, చేత్తో పట్టుకుని తేల్చుకున్నాకే పని మొదలుపెట్టించాను. మోకాళ్ళు నొప్పి పెట్టేవి. మొక్కలు మళ్ళీ ఎప్పుడూ పోలేదు.