మూడోసారీ వెలిగిన ఇంజిను లైటు

తిక్క మేస్త్రి అని పేరు పడ్డ ఆ కార్ల మెకానిక్కు దేనికీ జడవడని ఆ వీధిలో అందరూ అనుకునేవారు. వట్టి మాట. అక్క తన పాతకారు షెడ్డు ముందు ఆపి, దిగకుండానే "మళ్ళీ వెలిగిందిరా, ఇది మూడోసారి" అన్నప్పుడు అతనికి ముచ్చెమటలు పోశాయి.

అక్క నర్సు. రోజూ తెల్లవారగానే కొండదారిన అవతలి ఆసుపత్రికి వెళ్ళాలి. ఒక పక్క రాయి, ఇంకో పక్క లోయ. అక్కడ ఇంజిను ఆగిందంటే స్టీరింగు బిగుసుకుపోతుంది, బ్రేకు నొక్కినా సరిగ్గా పట్టదు. ఆ సంగతి మేస్త్రికి తెలుసు. అక్కకి తెలియదు, అతను చెప్పనూ లేదు.

లోపం ఎక్కడుందో చెప్పే స్కానరు తగిలిస్తే ప్రతిసారీ ఒకటే పాట. ఇంజిను తిరుగుడు పసిగట్టే సెన్సరు సరిగ్గా లేదని. అది పనిచెయ్యకపోతే నడుస్తున్న ఇంజిను ఉన్నట్టుండి ఆగిపోతుంది. మొదటిసారి సెన్సరు మార్చాడు. రెండోసారి, కొత్తదీ చెడ్డదేనేమోనని అమ్మినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి ఇంకోటి వేశాడు. షెడ్డులో గంటసేపు ఇంజిను ఆన్‌లో ఉంచినా ఆ మాయదారి లైటు వెలిగితే ఒట్టు.

"నువ్వు దిగక్కా, నేను నడిపి చూస్తా."

"డ్యూటీకి టైమవుతోందిరా. కావాలంటే పక్కన కూర్చో."

కూర్చున్నాడు. రెండు మలుపుల దాకా ఏమీ లేదు. మూడో మలుపులో ఎత్తు మొదలై ఇంజిను మూలుగుతుండగా పసుపు లైటు వెలిగింది. బండి ఒక్కసారి వెక్కినట్టు కుదిపింది.

"ఆపు. అక్కా, ఆపెయ్."

రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్నచోట ఆపింది. చక్రాల వెనక రాళ్ళు పెట్టి, బానెట్ ఎత్తి, టార్చి వేసి చూశాడు. సెన్సరు బాగానే ఉంది. దాని వైరే పొగగొట్టానికి తగిలి తగిలి, పైతొడుగు కాలి, లోపలి రాగి బయటపడింది. ఎత్తెక్కుతూ ఇంజిను వెనక్కి ఒరిగినప్పుడే అది తగులుతోంది. చదునుగా ఉన్న షెడ్డులో ఎలా దొరుకుతుంది?

వైరుని కింది బ్రాకెట్టుకి కట్టిన తెల్లటి ప్లాస్టిక్ టై చూడగానే గుర్తుపట్టాడు. ఆ కట్టు తనదే. రెండు నెలల కిందట క్లచ్ మారుస్తుంటే వైరుని పైన పట్టి ఉంచే పాత క్లిప్పు విరిగింది. పైదాకా చెయ్యి పోవడం లేదని విసుక్కుని కిందే, పొగగొట్టం పక్కన కట్టేశాడు.

"నేనే కట్టానక్కా. తప్పు నాదే," అన్నాడు. ముప్పై ఏళ్ళ పనిలో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు.

అక్క తిట్టలేదు. రోజూ రోగుల్ని అడిగే గొంతుతో, "ఇంకెన్ని బళ్ళకి ఇలా కట్టావు?" అని మాత్రం అడిగింది.

మేస్త్రి వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాడు. ఈ రకం బళ్ళన్నిటికీ ఆ క్లిప్పు విరుగుతుంది. సులువైన దారి దొరికిందని మురిసిపోయి, తర్వాత వచ్చిన ప్రతిదానికీ అలాగే కట్టాడు. ఆరు. కాదు, ఏడు.

ఫోను తీశాడు. కంగారులో రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు. మొదటాయన ఇంట్లోనే ఉన్నాడు, బండి బయటికి తియ్యనన్నాడు. రెండోది బడి మాస్టారి నంబరు. వాళ్ళావిడ ఎత్తింది.

"ఆయన నడుపుతున్నారండీ. పిల్లల్ని తీసుకుని అవతలి వైపు నుంచి కొండ ఎక్కుతున్నాం. ఆ పసుపు లైటు వారం నుంచీ వస్తూనే ఉంది. పాతబండి కదా, మామూలేలే అంటారు ఈయన."

"అమ్మా, బండి ఆపమని చెప్పండి. ఇప్పుడే."

ఆవిడ పక్కకి తిరిగి చెప్పడం వినిపించింది.

"మలుపులో ఉన్నామట మేస్త్రిగారూ. ఇది దాటాక ఆపుతారట."

మేస్త్రి ఫోనుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అవతల పిల్లలు దేనికో పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వుల మధ్య ఇంజిను వెక్కిన చప్పుడు అతనికి స్పష్టంగా వినిపించింది.