ఊడని రంగు

షుకూర్‌ని తలుచుకుంటే నాకు ముందు కోపమే వస్తుంది. ఏడుపు ఆ తర్వాత. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ, ఆ బలం ఎవరికి పనికొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సారపాకలో కాగితం మిల్లుకి పోయే రోడ్డు మీద నాది లారీలకు చెక్క బాడీలు కట్టే షెడ్డు. పక్కనున్న రేకుల గదిలో షుకూర్ రంగులు వేసేవాడు. వెదురు దించడానికి గేటు ముందు వరస కట్టే బండ్లలో సగానికి నుదుటి మీద పేర్లు అతని చేతివే. అక్షరం రాయడానికి ముందు గీత గీసుకునేవాడు కాదు. అట్లా ఇరవై ఏళ్లు ఎనామిల్, థిన్నర్ వాసన పీల్చీ పీల్చీ ఎనభై ఆరులో రొమ్ము పట్టేసింది. గుమ్మం దాటితే ఆయాసం. భద్రాచలం దవాఖానాలో డాక్టరు ఒకటే మాట చెప్పాడు, మళ్లీ ఆ డబ్బా మూత తీస్తే నువ్వు బతకవని.

అతని భార్య అమీనా బీ ఆ రోజే గదిలోని డబ్బాలన్నీ బయట పారేసింది. "రంగులు లేకుంటే ఏం గాదు. నువ్వుండాలె నాకు" అంది అందరి ముందే. షుకూర్ సిగ్గుపడి తల వంచుకున్నాడు.

కానీ ఖాళీగా కూర్చోలేడు కదా. చిన్న లారీలు చేయడం మొదలుపెట్టాడు. పాత బండి తుక్కుకి పోతుంటే, దాన్ని నమ్ముకుని బతికినవాళ్లకి మనసొప్పదు. అచ్చం అలాంటిదే ఒకటి చేయించి ఇంట్లో పెట్టుకుంటారు. లారీకి అడుగైతే బొమ్మకి అంగుళం. రేకు, చెక్క నేను కోసిచ్చేవాణ్ణి, రంగు అతను. ఖమ్మంలో అప్పుడే నీళ్లలో కలిపే రంగులొచ్చాయి, డబ్బా మీద ఎక్రిలిక్ అని ఉండేది. అమీనా బీ ఆ డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, వాసన లేదని నమ్మకం కుదిరాకే అతని చేతికిచ్చింది.

ఆ రంగు చూడ్డానికి బాగానే ఉండేది. నిలబడేది కాదు, అదీ దాని రోగం. ఎండాకాలం కాగితంలో చుడితే పేపరు అక్షరాలు రంగుకి అంటుకుపోయేవి. వానాకాలం చేయి తగిలితే వేలిముద్ర పడేది. అంచుల దగ్గర గోరు పెడితే పొర లేచి వచ్చేది.

"గోడకేసే రంగు రేకుకేం పడుతుందయ్యా?" అనేవాణ్ణి.

"పడతది అన్నా. పట్టక ఎక్కడికి పోతది?" అనేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

పెనుబల్లి భారతమ్మగారి బండి బొమ్మ చేసింది ఆ రోజుల్లోనే. ఆవిడ భర్త బసవపున్నయ్యగారు ఒక్క లారీతో వెదురు తోలి సంసారం నిలబెట్టిన మనిషి. ఆయన పోయాక నడిపే దిక్కులేక బండి తుక్కుకి పోయింది. దాని నుదుటి మీద ఆయన పేరు రాసింది షుకూరే. అదే పేరు, అవే అక్షరాలు చిన్నగా రాసిచ్చాడు. ఆవిడ ఆ బొమ్మని ఒళ్లో పెట్టుకునే బస్సెక్కింది.

దసరా వెళ్లిన నాలుగో రోజు మళ్లీ వచ్చింది. చేతిలో బొమ్మ, మడిచిన తువ్వాలు. దసరాకి లారీని కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టడం మా దగ్గర ఎవరూ మానరు. బండి ఉన్నన్నాళ్లూ బసవపున్నయ్యగారు ఎట్లా చేసేవారో, ఆవిడ ఈ బొమ్మకి అట్లాగే చేసింది.

"గట్టిగా కూడా తుడవలేదు షుకూరూ" అంటూ తువ్వాలు విప్పింది. అందులో ఉల్లిపొరలాగా పేరంతా ఉంది. ఒక్క అక్షరం చెదరలేదు. "నా చేత్తో నేనే ఆయన పేరు తీసేసినట్టయింది నాయనా" అంది. కోపం లేదు ఆ గొంతులో. తిట్టినా బాగుండేది.

షుకూర్ ఆ పొరని వేలికొసతో ఎత్తి వెలుగులో పట్టి చూశాడు. "వచ్చే దసరాకి ఊడని రంగుతోటి ఇస్తనమ్మా" అన్నాడు చివరికి.

ఆ ఏడాదంతా దానితోనే కుస్తీ. రేకుని గరుకు కాగితంతో రుద్దాడు, సబ్బుతో కడిగాడు, ఎండబెట్టి పొర మీద పొర వేశాడు. ఆరాక తనే పసుపు పూసి కడిగేవాడు. ఒకసారి అంచు లేచేది, ఇంకోసారి పేరులో సగం పోయేది.

"అద్దాల పెట్టెలో పెట్టిద్దాం, గొడవ పోతుంది" అన్నాను.

"అద్దానికి పసుపు పూయమంటవా అన్నా ఆమెను?"

"పోనీ, ఇంకో పెయింటర్‌తో ఎనామిల్ వేయిద్దాం. నువ్వు దూరంగా ఉండి చూడు."

అంతే, లేచాడు మీదికి. "ఆ పేరు పెద్ద బండి మీద నేనే రాసిన. చిన్నదాని మీద ఇంకోడు రాస్తడా? నేను సచ్చిన్నా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. నేను పోయి రంపం అందుకున్నాను.

భాద్రపదంలో ముసురు పట్టింది. అమీనా బీ చెల్లెలికి కాన్పని ఖమ్మం వెళ్లింది. షెడ్డుకి సెలవిచ్చి నేనూ ఊరెళ్లాను. షుకూర్ బజారుకి పోయి ఎనామిల్, థిన్నర్ తెచ్చుకున్నాడు. తడి ఎనామిల్ మీద దుమ్ము వాలితే పని చెడుతుందని రంగు వేసేవాళ్లు తలుపులు మూసుకుంటారు. ఓరి నీ పనితనం తగలెయ్య, అతనూ మూసుకున్నాడు! రెండు రోజులు ఆ గదిలోనే ఉన్నాడు. అమీనా బీ బస్సు దిగి వచ్చేసరికి వాసన వీధి మొదట్లోనే కొట్టిందట.

కబురందుకుని నేను దవాఖానాకి పరుగెత్తాను. ముక్కుకి గొట్టం, పెదవులు నల్లబడ్డాయి. గోళ్లలో ఎర్రరంగు. నన్ను చూడలేదు, భార్యనే చూస్తున్నాడు.

"ఎండిందా?" అన్నాడు.

ఆమె గోడవైపు తిరిగింది.

కాసేపటికి మళ్లీ అడిగాడు. "అమీనా, ఎండిందా అది?"

"ఎండుతుందిలే, ముందు నువ్వు ఊపిరి తీసుకో" అన్నాను నేను. అతనికి నా మాట అక్కర్లేదు. ఆమె నోరు విప్పలేదు. తెల్లారేసరికి పోయాడు.

దసరా దగ్గర పడ్డాక బొమ్మని పెనుబల్లికి చేర్చాలి కదా అని వాళ్లింటికి వెళ్లాను. మధ్యాహ్నం వేళ. అమీనా బీ పెరట్లో బోరింగు దగ్గర కూర్చుని ఉంది. కాళ్ల మధ్య ఆ లారీ. చేతిలో కొబ్బరిపీచు, పక్కన బూడిద. గిన్నె తోమినట్టు తోముతోంది. చేతులు ఎర్రగా కందిపోయాయి.

"ఏందమ్మా ఇది!" అన్నాను.

"ఊడతలేదన్నా" అంది తలెత్తకుండా. "ఆయమ్మ ఊరికే తుడిస్తేనే పోయింది గద. నేను పొద్దుగాల నుంచి రుద్దుతున్న. ఒక్క అక్షరం పోతలేదు."

వంగి చూశాను. బసవపున్నయ్య అనే పేరు నీళ్లలో తళతళలాడుతోంది.

ఆమె పీచు పక్కన పడేసింది. కొంగుతో బొమ్మని తుడిచింది, చక్రాల సందుల్లో కూడా. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కోపమొచ్చిందన్నా నాకు. నేను వద్దన్నది చేసిండు. అందుకే మాట్లాడలే" అంది. అప్పుడు వచ్చింది ఏడుపు. "రెండుసార్లు అడిగిండు. ఎండిందని ఒక్క మాట చెప్తే నాదేం పోయేది?"