ప్రతిష్ఠకు ముందే తెరిచిన మందిరం

ఈ ఉదయం ఎదురింటికి సున్నం వేస్తున్నారు. తడి సున్నపు వాసన కిటికీలోంచి రాగానే, రాస్తున్న డైరీ పక్కన పెట్టి కూర్చుండిపోయాను. మా లేఔటులో క్రైస్తవ సమాజ మందిరం కట్టిన రోజుల్లో ఎస్తేరక్క చేతులకు ఎప్పుడూ ఈ వాసనే ఉండేది.

ఆమె బంగారు గని ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. గనులు మూతపడ్డాక మాలాంటివాళ్లం ఊరిగాంలో కార్మికులకు కట్టిన వరస ఇళ్లు, ఆ లైన్లు వదిలి ఈ కొత్త లేఔటుకు వచ్చాం. లైన్లలో ఒకరికి జ్వరమొస్తే నాలుగిళ్ల నుంచి గంజి వచ్చేది. ఇక్కడ పక్కింటివాళ్ల పేరు కూడా తెలియదు. "చర్చి ఊరిగాంలో ఉండనే ఉండాది. ఈడ మనుషులు కూర్చునే చోటు కావాల" అంటూ అక్క ఇంటింటికీ తిరిగింది. కొన్ని గేట్లు తెరుచుకోలేదు. మతం మార్చడానికే వచ్చిందని గుసగుసలు. ఆమె మళ్లీ వెళ్లేది. మందిరం లేవడానికి సంవత్సరాలు పట్టింది.

ఆదివారం ప్రతిష్ఠ అనగా, రెండు రోజుల ముందు వీధిలో అంబులెన్స్ ఆగింది. పాలు పోసే మునిరాజు తండ్రి ఆసుపత్రిలో పోయాడు. అద్దె ఇంటికి శవాన్ని తేకూడదని ఓనరు అడ్డం నిలబడ్డాడు. సొంతూరు టేకల్‌లో ఉన్న ఇల్లు ఎప్పుడో అమ్ముకున్నారు.

"నాయన్ను యాడ దించేదమ్మా?" అన్నాడు మునిరాజు, అక్కను చూసి.

ఆమె నా వైపు తిరిగింది. మందిరం కమిటీ కార్యదర్శిని కాబట్టి తాళంచెవి నా దగ్గరే ఉండేది. కమిటీ పెద్ద జాకబ్ అడ్డొచ్చాడు.

"ప్రతిష్ఠ కాకుండానే శవమా అక్కా? పాస్టరయ్యగారికి ఏం చెప్పేది?"

"ప్రతిష్ఠ కాలేదు గదా, ఇంగా ఇది ఉత్త రేకుల షెడ్డే. షెడ్డుకు మైల యాడిదప్పా?" అని, నా వైపు చూసి, "నువ్వు తాళం తియ్యి తమ్ముడూ."

తీశాను. ఆ సాయంత్రం వాళ్ల ఆచారం ప్రకారమే దీపం పెట్టారు, పలక డప్పులు మోగాయి. అంతవరకూ గేట్లు తియ్యని ఆడవాళ్లు వచ్చి మా కొత్త చాపల మీద కూర్చున్నారు. జాకబ్ గొణుక్కుంటూనే అందరికీ కాఫీ పోశాడు.

ఆదివారం అయ్యగారు వచ్చారు. పాటలు మొదలయ్యాయి. గుండు చేయించుకున్న మునిరాజు, మైలలో ఉన్నానని లోపలికి రాకుండా గేటు బయటే నిలబడ్డాడు. ముందు వరసలో అక్క కుర్చీ ఖాళీగా ఉంది. వెతుక్కుంటూ వెళితే, ఆమె బయట ఇటుకల కుప్ప మీద అతని పక్కన కూర్చుని ఉంది.

"లోపల నీ పేరు పిలుస్తున్నారక్కా" అన్నాను.

"పిలవనీ. లోపల అంతమంది ఉండారు గదా, ఈయనకి ఎవరుండారు?"

అక్క పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఏ పెళ్లికి వెళ్లినా, ఏ సభకు వెళ్లినా, నా కుర్చీ వెతుక్కునే ముందు ఒకసారి గేటు దాకా వెళ్లి వస్తాను, బయట ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని.