పిక్క అన్నయ్యది, పప్పు నాది

మందస దగ్గర మా అన్నయ్యకు జీడితోట ఉండేది. పెళ్లయి పలాస వచ్చాక నేను ఒక జీడి ఫ్యాక్టరీలో చేరాను. పప్పు మీది పొర తీసి, విరగని గుండు ఒక పక్కకీ రెండుగా విడిపోయిన బద్ద ఒక పక్కకీ వేరు చేసే పని. చెట్టున కాసిన జీడిపిక్క ఆయనది, లోపలి పప్పు నాది అని పండగలకు కలిసినప్పుడు నవ్వుకునేవాళ్లం. మా రెండిళ్లూ ఒకే చెట్టు మీద బతుకుతున్నాయని నేను నిజంగానే నమ్మాను.

ఆ ఏడాది ఎక్కడ విన్నా ఒక ఒప్పందం మాటే. చుట్టుపక్కల దేశాలు కొన్ని కలిసి, ఒకరి సరుకు మీద ఒకరు సుంకం ఎత్తేసుకుంటారట. అవీ మనలాంటి దేశాలేనట, అక్కడా ఉన్నది మనలాంటి రైతులేనట. ముందు కవిటి వైపు కొబ్బరి రైతులు కదిలారు. తరవాత జీడి రైతులు. అన్నయ్య మోటార్ సైకిల్ మీద ఊరూరా తిరిగి, చివరికి మా ఇంటికీ వచ్చాడు.

"బయట సరుకు సుంకం నేకుండా దిగితే మన పిక్క ఎవుడు కొంటాడే? మీ పేట్రీ ఆడోళ్లందర్నీ ఊరేగింపుకి తీసుకురా," అన్నాడు.

"మా ఓనరే ఎల్లమంటన్నాడన్నయ్యా. బయట నుంచి పప్పు తయారైపోయి వచ్చేత్తే పేట్రీలు మూసుకోవాలంట."

"సూసేవా మరి! అందరిదీ ఒకటే గోడు."

ఆయన పిక్క గురించి మాట్లాడాడు, నేను పప్పు గురించి మాట్లాడాను. ఆ తేడా మా ఇద్దరికీ తట్టలేదు. వానలు పడ్డాక మా ప్రాంతపు పిక్క అయిపోతుంది. ఆ తరవాత ఫ్యాక్టరీ నడిచేది బయటి దేశాల నుంచి ఓడల్లో వచ్చిన పిక్కతోనే. అది తెలియనివాళ్లు పలాసలో ఎవరూ లేరు. తెలిసీ ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

ఊరేగింపు కాశీబుగ్గ నుంచి బయలుదేరింది. అంత జనాన్ని నేను ఏ ఎన్నికలప్పుడూ చూడలేదు. కొబ్బరి రైతులు బోండాలు తెచ్చి రోడ్డు మీద దొర్లించారు. మా ఆడవాళ్లం జీడి జిగురుతో నల్లబడ్డ చేతులు పైకెత్తి అరిచాం. ముందు వరసలో అన్నయ్య. మధ్య మధ్య వెనక్కి తిరిగి నేనెక్కడున్నానో చూసుకునేవాడు. ఎండలో ఆయన మొహం వెలిగిపోతోంది.

హైవే మీదికి చేరేసరికి విశాఖ రేవు నుంచి పిక్కల లోడుతో ఒక లారీ వచ్చింది. రైతులు అడ్డంగా కూర్చున్నారు. డ్రైవరు దిగి పరిగెత్తాడు. ఎవరో తాళ్లు కోశారు. అన్నయ్య పైకెక్కి ఒక బస్తా కిందికి తోశాడు. బస్తా పగిలి పిక్కలు తారు రోడ్డంతా పరుచుకున్నాయి. అంతవరకూ అరుస్తున్న మా ఆడవాళ్లు ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు. ఆ పిక్క వచ్చే వారం మా చేతుల్లోకి రావలసినది. నా పక్కనున్న ఒకామె వంగి, కొంగులోకి ఏరడం మొదలుపెట్టింది. ఇంకో బస్తా పడబోతుంటే నేను వెళ్లి లారీకి ఆనుకుని నిలబడ్డాను.

"తప్పుకో సెల్లీ."

"దిగన్నయ్యా. ఇది మా పని. ఇది నేకపోతే వానాకాలం అంతా నాను ఇంట్లో కూకోవాల."

"ఇది మన తోటని సంపేత్తంది! నువ్వు ఎవురింటి ఆడపిల్లవే?"

"నీ సెల్లినే. అయినా నా కూడు ఇదేనన్నయ్యా."

అన్నయ్య లారీ దిగి, నా పక్క నుంచే, నా మొహం చూడకుండా నడిచివెళ్లిపోయాడు. కాసేపటికి పోలీసులు వచ్చి అందరినీ చెదరగొట్టారు.

ఆ రోజు నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. అన్నయ్యదీ తప్పు కాదు. అందుకే మా ఇద్దరిలో ఎవరు ముందు మాట్లాడాలో తేలలేదు.

కొన్నాళ్లకు మన దేశం ఆ ఒప్పందంలో చేరడం లేదని టీవీలో చెప్పారు. ఫ్యాక్టరీలో మాకు మిఠాయి పంచారు. మందసలో బాణసంచా కాల్చారట. ఆ ఆదివారం మేము పుట్టి పెరిగిన ఊరి చర్చికి వెళ్లాను. పాస్టరుగారు రైతుల తరఫునా పనివాళ్ల తరఫునా దేవునికి స్తుతులు చెల్లించారు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు ముందు, మనసులో పగ ఉన్నవాళ్లను సమాధానపడి రమ్మన్నారు. మగవాళ్ల వైపు చూశాను. అన్నయ్య లేచాడు. నా దగ్గరికే వస్తున్నాడనుకున్నాను. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆయన వెనక నేను వెళ్లి ఉండవచ్చు. రొట్టె పళ్లెం నా వరసకు వచ్చింది, కూర్చుండిపోయాను.

గెలిచామన్నారు గాని పిక్క ధర పెరగలేదు. మా ఫ్యాక్టరీకి పొర తీసే మిషన్లు వచ్చి, సగం మంది ఆడవాళ్లను మానిపించారు. వాళ్లలో నేనూ ఉన్నాను. ఒక తుపానుకు పడిపోయిన చెట్లు పోగా మిగిలిన తోటను అన్నయ్య అమ్మేసి విశాఖ వెళ్లిపోయాడని వదిన ఫోన్లో చెప్పింది. అప్పటికే వెళ్లి నెల దాటింది.

కిందటి వేసవిలో వెతుక్కుంటూ వెళ్లాను. పెద్ద అపార్ట్‌మెంటు గేటు దగ్గర, వదులుగా ఉన్న వాచ్‌మన్ నీలం చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచి, ఆ కుర్చీ నాకు వేశాడు. పిల్లల సంగతులు అడిగాడు. వదిన మోకాళ్ల నొప్పులు చెప్పాడు.

"ఆ రోజు నాను నిన్ను..." అన్నాడు.

వెనక కారు హారన్ మోగింది. అన్నయ్య పరిగెత్తి గేటు తీశాడు, కారు వెళ్లేదాకా నిటారుగా నిలబడ్డాడు, మళ్లీ గేటు వేశాడు. తిరిగొచ్చాక ఆ మాట అందుకుంటాడని ఎదురుచూశాను.

"ఎండెక్కిపోతంది. బస్సు టయానికి ఎల్లిపో సెల్లీ," అన్నాడు.

ఇందాక ఏమనబోయావన్నయ్యా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఇంకో కారు వచ్చింది. నేను సంచీ తీసుకుని లేచాను.