సజ్జ దగ్గర నా కాపలా

మా చిన్నప్పుడు... పెనుకొండలో మా ఇంటికి కాంక్రీటు మిద్దె వేసిన రోజు నాకూ ఒక ఉద్యోగం ఇచ్చారు. సజ్జ దగ్గర కాపలా!

మా నాయన ఇనుప కమ్మీలు కట్టే మేస్త్రీ. హిందూపురం, ధర్మవరం తిరిగి ఎందరి మిద్దెలకో కమ్మీలు కట్టినాయన, సొంతింటికి కట్టుకునేసరికి నాకు తొమ్మిదేళ్ళు వచ్చాయి. వాకిలి పైన ముందుకు చాచి ఉండే సజ్జ అంటే ఆయనకు మరీ పట్టింపు. దానికి కమ్మీలు పైవైపునే ఉండాలట... కిందికి దిగితే సజ్జ ఎప్పుడో ఒకనాడు విరిగి పడుతుందట. అందుకే కమ్మీ ముక్కలు వంచి, కింద ఆనించి, పైకి లేపి పెట్టేవాడు. ఆ ముక్కలను కుర్చీలు అనేవాళ్ళు.

"పాపా, తట్టలు మోసే అక్కలు దీన్ని తొక్కకుండా చూసుకో. తొక్కినారంటే కమ్మీ కిందికి పోతాది. రేపు అవ్వ దినామూ కూచునేది దీని కిందనే" అన్నాడు.

నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. "అక్కా, ఆడ తొక్కద్దు! ఈడ పలక మీద నడువు!" అని ఒకటే అరుపులు...

అంతలో కింద అవ్వ పనివాళ్ళ కోసం బజ్జీలు వేయడం మొదలుపెట్టింది. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి... ఆ వాసనకు ఎవరు ఆగుతారు చెప్పండి! ఒక్కటి తిని వద్దామని దిగాను. ఒక్కటి కాస్తా నాలుగయ్యాయి.

తిరిగి ఎక్కేసరికి సజ్జలో సగం కాంక్రీటు పోసేశారు. మిగతా సగంలో కుర్చీలు ఒరిగిపోయి, కమ్మీలు కింది పలకలకు అతుక్కుని ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే దాని మీదా పోసేశారు. పైకి అంతా నున్నగా ఉంది. నేను తప్ప ఎవరూ చూడలేదు.

చెప్తే తిట్లు. చెప్పకపోతే... కిందికి చూశాను. అవ్వ వాకిట్లో కూర్చుని కొంగుతో చెమట తుడుచుకుంటోంది. నాకు ఏడుపొచ్చేసింది.

"నాయనా... సజ్జ తొక్కేసినారు."

"నువ్వు యాడికి పోయినావు?"

"నీళ్ళు తాగేకి..."

ఆయన వెంటనే కాంక్రీటు కలిపే మిషన్ ఆపించి, పచ్చి కాంక్రీటంతా పారలతో తీయించాడు.

"ఏమప్పా, రవ్వంత కిందికి పోతే ఏమైతాది? నీ ఇల్లే కదా!" అని పనివాళ్ళు విసుక్కున్నారు.

"ఊరోళ్ళ ఇండ్లకు ఒప్పుకోనిది నా ఇంటికెట్ల ఒప్పుకుందునప్పా?" అంటూ ఒక్కొక్క కుర్చీనీ మళ్ళీ నిలబెట్టి కట్టాడు.

ఆ సజ్జకు ఇప్పటికీ ఒక్క పగులు లేదు. అవ్వ పోయేదాకా దాని కిందే కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచింది.

ఇప్పుడు కాంక్రీటు లారీలో వచ్చి, పైపులో పైకి పోతోంది. పనివాళ్ళకు బిర్యానీ పొట్లాలు వస్తున్నాయి. సజ్జ దగ్గర పిల్లల్ని నిలబెట్టేవాళ్ళే లేరు...

పోయిన నెల హిందూపురంలో మా కొత్త ఇంటికి మిద్దె వేశాం. మోకాళ్ళ నొప్పులతో నాయన పైకి ఎక్కలేకపోయాడు. నేను నిచ్చెన ఎక్కుతుంటే పిలిచాడు.

"సజ్జ కాడ ఎవురుండారు పాపా?"

"నేనే ఉంటా నాయనా."

"అట్లయితే ముందు బజ్జీలు తినేసి ఎక్కు. ఆ పొద్దు నీళ్ళు తాగొచ్చిన చేతులకు ఎంత నూనె ఉన్నిందో!"

ఇన్నేళ్ళూ ఆయనకు తెలుసు... ఒక్క మాటా అనలేదు. నిచ్చెన మీదే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మీ ఇంటి మిద్దె వేసిన రోజు మీకు ఏ పని అప్పగించారు? నిజం చెప్పండి... కాపలా కాశారా, బజ్జీలు తిన్నారా?