ఈరవ్వ మనవికి పందొమ్మిదేళ్లు

మోస్రా బడిలో ఏడో తరగతి వరకే చదివాను. అయినా బైబిలు మొదటి నుంచి చివరి దాకా తొమ్మిదిసార్లు పూర్తిచేశాను. మా మందిరానికి రేకులు వేయించింది నేను, అవి తీయించి స్లాబు పోయించిందీ నేనే. ముప్పై ఒక్క ఏళ్లుగా సంఘ పెద్దను. నిజాంసాగర్ కాలువలో నలభై ఆరుగురిని బాప్తిస్మానికి చేయి పట్టి దింపాను. ఇంత చేసినవాడికి ఓపిక అంటే ఏమిటో తెలియదని డెబ్బై ఏళ్లు దాటాక తెలిసింది. చెప్పింది ఈరవ్వ.

ఈరవ్వ చెరుకు తోటల్లో కలుపు తీసే మనిషి. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు అడగగానే లేచి ఒకటే మాట అనేది. "మా ఇంటాయన గురించి ప్రార్థన చేయుండ్రి. ఆయన దేవుని దగ్గరికి రావాలె."

ఆ ఇంటాయన సిద్దిరాములు. ఆమెను మోపెడ్ మీద తెచ్చి దించి, చెప్పులు విడిచే మెట్టు మీద కూర్చునేవాడు. లోపలికి రాడు, ఇంటికీ పోడు. బీడీ కాలుస్తూ పాటలు వినేవాడు. పదిహేనేళ్లు ఇలాగే గడిచాయి. ఆమె లేస్తే చాలు, వెనక వరస ఆడవాళ్లు "మాకు గూడ నోటికొచ్చింది ఈరవ్వా, కూసో" అనేవారు. ఆమె కూడా నవ్వేది.

నాలుగేళ్ల క్రితం నేను తొందరపడ్డాను. కాలువకు నీళ్లు వదిలిన వారం, బాప్తిస్మం తీసుకునే ఐదుగురి పేర్లు మైకులో చదువుతూ, అడగకుండానే సిద్దిరాములు పేరు కలిపేశాను. అందరి ముందు చదివితే మొహమాటానికైనా కాదనడనుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. సిద్దిరాములు బీడీ ఆర్పి, మోపెడ్ తీసి వెళ్లిపోయాడు. ఈరవ్వ ఇంటికి నడిచి పోయింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మూడు కిలోమీటర్లు ఒక్కతే నడిచి వచ్చేది. మనవికి లేవడం మానేసింది.

"ఏంది ఈరవ్వా, మనవి చెప్తలేవు?" అని ఒకనాడు అడిగాను.

"అలిసిపోయిన అన్నా. మోకాళ్లు గుంజుతున్నయ్. దేవునికి యాదికుంటది గదా, ఎప్పుడు చెయ్యాలెనో ఆయనకెర్క."

"తప్పు నాది. నేను పోయి మాట్లాడ్త."

"మాట్లాడే గింత దూరం తెచ్చినవ్. పోయి ఆయన పక్కన కూసో. నోరు మూస్కోని కూసో, నీకు చాతనైతే."

నన్ను అంత మాట అన్నవాళ్లు మా సంఘంలో లేరు. అయినా పోయాను. సిద్దిరాములు చెరుకుకు నీళ్లు పెట్టుకునే రోజున ఒడ్డు మీద కూర్చున్నాను. మొదటి వారం నా వైపు చూడలేదు. రెండో వారం "పాములుంటయ్, కాళ్లు మీదికి పెట్టుకో" అన్నాడు. నాకు లోపల వాక్యాలు తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. స్లాబు పోయించిన పని దీని ముందు తేలిక. అట్లా రెండేళ్లు కూర్చున్నాను. ఒకరోజు తప్పైందని చెప్పాను. "ఎర్కే" అని పార ఎత్తుకొని అవతలికి పోయాడు.

పోయిన ఏడాది ఈరవ్వ మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. రెండు ఆదివారాలు రాలేదు. మూడో ఆదివారం సిద్దిరాములు ఆమెను మోపెడ్ మీద తెచ్చాడు. మెట్లు ఎక్కలేకపోతుంటే చంకల కింద చేతులు వేసి లోపలికి తెచ్చి, గోడకు ఆనించి, తానూ పక్కనే చాప మీద కూర్చున్నాడు. అది ఆడవాళ్ల వైపు. ఇటు రమ్మందామని నోటిదాకా వచ్చింది. ఊరుకున్నాను. నేను వాక్యం చదువుతుంటే ఆమె నిద్రపోయింది.

"జర మెల్లగ సదువు. పండుకుంది," అన్నాడు సిద్దిరాములు.

మెల్లగా చదివాను.

ఈ ఏడాది బాప్తిస్మానికి కాలువలో ముగ్గురు దిగారు. సిద్దిరాములు, ఈరవ్వ గట్టు మీద ఉన్నారు.

"ఏందన్నా, నన్ను పిలుస్తలేవు?" అన్నాడు.

"నా పిలుసుడు అయిపోయింది. నీకనిపించిన్నాడు దిగు."

"నీళ్లు సల్లగుంటయా?"

"బాగ సల్లగుంటయ్."

ఆయన ధోవతి పైకి కట్టి, గట్టున కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాడు. ఈరవ్వ ఆయన భుజం ఆసరాతో మెల్లగా కూర్చుంది. నాకూ నిలబడే ఓపిక లేదు. వాళ్ల పక్కన కూర్చున్నాను.